తల తిప్పిన షాటు

మా చిన్నాన్న పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. ఏడుస్తున్న పెళ్ళికూతుర్ని కూడా "కాస్త ఇటు తిరిగి ఏడవమ్మా" అనగల మొండి మనిషి. అలాంటివాడికి ఉన్నట్టుండి సొంతంగా సినిమా తీయాలన్న పురుగు తొలిచింది. పాటల్లేవు, ఫైట్లు లేవు. ఒకే ఇంట్లో ఉంటూ మాటలు మానేసిన తండ్రీకూతుళ్ళ కథ. తండ్రి వేషం ఎదురింట్లో ఉండే రిటైరైన పోస్ట్‌మాస్టరు గారిది, కూతురి వేషం నాది. జీతం సున్నా, తిట్లు దండిగా.

షూటింగంతా మా ఇంట్లోనే. యాక్షన్ అన్నాక నోరు మెదపకూడదని నాయనమ్మకు చెప్పీ చెప్పీ చిన్నాన్న నోరు పడిపోయింది. ఆవిడకు ఒక్కటే తెలుసు, వంటయితే పిలవాలి. ఎవరు ఏ పనిలో ఉన్నారన్నది ఆవిడకు అనవసరం.

ఆఖరి రోజున అసలు సీను పెట్టుకున్నాం. తండ్రీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చోవాలి, ఒక్క మాట కూడా ఉండకూడదు. సాయంత్రపు ఎండ కిటికీలోంచి గోడ మీద పడుతోంది. నాకు నిజంగానే దుఃఖం పొంగుకొచ్చింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి కేక వినపడింది.

"ఒరేయ్ చిన్నోడా, చల్లారిపోతోంది. తిని ఏడవండర్రా!"

పోస్ట్‌మాస్టరు గారు ఆశగా వంటింటి వైపు తల తిప్పారు. చిన్నాన్న తల పట్టుకున్నాడు. మళ్ళీ తీద్దామంటే ఎండ వెళ్ళిపోయింది. మర్నాడు తీద్దామంటే, పని అయిపోయిందనుకుని పోస్ట్‌మాస్టరు గారు మీసం నున్నగా గీయించుకుని వచ్చారు. ఇక ఆ షాటే దిక్కయింది. తన కేక సినిమాలో ఉండిపోతుందని తెలిశాక నాయనమ్మ కాలు నేల మీద నిలవలేదు. "నేనూ వేషం వేశాను" అని వీధంతా చెప్పుకుని వచ్చింది.

తీయడం అయితే అయింది కానీ, సౌండు పని దగ్గర డబ్బుల్లేక బండి ఆగిపోయింది. అప్పుడెవరో చెప్పారు, విదేశంలో ఒక ఫిల్మ్ ఫెస్టివల్ వాళ్ళు వెనకబడిన దేశాల వాళ్ళ సినిమాలకు సాయం చేస్తున్నారని. నచ్చితే మిగిలిన పని తమ స్టూడియోలోనే చేయించి, పెద్ద హాల్లో వేస్తారట. ఊరికే ఎందుకిస్తారని నాయనమ్మ ఆరా తీసింది. మనం వెనకబడ్డాం కనక ఇస్తారన్నాడు చిన్నాన్న. ఆ ముక్క చెప్పడానికి ఇన్ని కాగితాలు నింపడమెందుకు, వచ్చి మన బాత్రూం తలుపు చూసి పొమ్మను అని విసుక్కుంది ఆవిడ. నిజమే, దానికి గడియ ఉండేది కాదు. లోపలున్నంతసేపూ పాడుతూ ఉండాల్సిందే.

సాయం మంజూరైందన్న కబురు వచ్చేసరికి నాయనమ్మ లేదు. నిద్రలోనే పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికి ఆకలేస్తే వాళ్ళు వెళ్ళి వడ్డించుకోవడమే, రమ్మని పిలిచే దిక్కు లేదు.

చిన్నాన్న ఆ దేశం వెళ్ళాడు. అక్కడ సౌండు చూసే ఆవిడ ఎంతో మర్యాదస్తురాలట. ఆ సీను దగ్గర ఆపి, ఈ గొంతు తీసేద్దాం, మౌనమంతా పాడవుతోంది అందట. ఎంపిక చేసిన వాళ్ళ మాట కూడా అదే. అది ఉంటే పెద్ద హాల్లో వేయడం కుదరదన్నారు. చిన్నాన్న నాకు ఫోన్ చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వీధంతా చెప్పుకున్న మనిషిని తీసేస్తావా? తీసేస్తే నీతో మాట్లాడను."

"తీసేసి వినిపించారే. అలాగే బాగుంది," అన్నాడు.

తీసేశాడు. నేనూ అన్న మాట నిలబెట్టుకున్నాను. తిరిగొస్తూ తెచ్చిన చాక్లెట్లు ఆయన కళ్ళ ముందే పక్కింటి పిల్లలకు పంచిపెట్టాను.

అక్కడ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ముసలాయన తల తిప్పడంలో బోలెడంత అర్థం కనిపించిందట వాళ్ళకు. ఆయన చూసింది మృత్యువు వైపా, గతం వైపా అని ఒకతను అడిగితే, "వంటింటి వైపండీ" అన్నాడట చిన్నాన్న. అదింకా గొప్ప జవాబని మళ్ళీ చప్పట్లు. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఈ ముచ్చట చెప్పి కడుపుబ్బ నవ్వించేవాడు. నేను మాత్రం మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

చాలాకాలం తర్వాత ఒకనాడు ఆయన తను తీసిన పెళ్ళిళ్ళ క్యాసెట్లు ఎండలో పరుస్తుంటే, ఉండబట్టలేక అడిగేశాను. నాయనమ్మ లేకుండా ఆ సీను ఎలా చూడబుద్ధయింది నీకు?

చేతిలో క్యాసెట్టు దుమ్ము తుడిచి ఎండలో పెట్టాడు.

"చీమ చిటుక్కుమంటే వినపడేట్టుందే హాలు. తెర మీద ఆయన తల తిప్పాడు. నేను పైకే అనేశాను, 'వస్తున్నానమ్మా' అని. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు."

"తర్వాత?"

"తర్వాతేముంది. మిగతా సినిమా నాకు కనపడలేదు."