పెదవులు కలవని మాటలు

మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయన్ని అందరం బావగారనే అంటాం. ఆ పేరు తెచ్చింది ఆయన భార్య. మేనత్త కూతురే. మాటలొచ్చిన నాటి నుంచి ‘బావా’ అని పిలిచింది, పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా మార్చలేదు. ఆవిడ రాతప్రతిని కామాలతో సహా పైకి చదివేది, ఆయన ప్రూఫుతో సరిచూసుకునేవాడు. బైండింగు బల్ల దగ్గర కూర్చునే నాకు ఆ గొంతు వినపడందే సూది కదిలేది కాదు.

ఉన్నట్టుండి ఒకరోజు ఆవిడ కుర్చీ మార్చింది. ఆయన్ని చదవమని, తాను దిద్దడం మొదలుపెట్టింది. ‘బావా’ పోయి ‘ఇదిగో’ వచ్చింది. అంతకుముందు పంటినొప్పని రెండు పళ్లు పీకించుకుంది, తగ్గిపోయిందని కూడా చెప్పింది. దాంతో ఆయన, తన మీదే మూతి ముడుచుకుందనుకున్నాడు. కొత్త చెప్పులు కొనిచ్చాడు, బతిమాలాడు, చివరికి తనూ అలిగాడు. ఎనిమిది నెలలు గడిచాయి. పరాయివాణ్ణి పిలిచినట్టు పిలుస్తోందని నా దగ్గర వాపోతే, ఈ వయసులో ఇదేం చోద్యమని నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

దిద్దేవాడి కన్ను ఊరుకోదు కదా. ఒకరోజంతా ఆవిడ ఏమేం మాట్లాడిందో పాత ప్రూఫు వెనక రాసుకున్నాడు. ‘ఇదిగో, టీ చల్లారుతోంది.’ ‘గొడుగు అక్కడే ఉంది.’ కాగితమంతా వెతికితే ప లేదు, బ లేదు, మ లేదు. పెదవులు కలిస్తేనే పలికే అక్షరం ఒక్కటీ లేదు. పాతకాలపు కవులు పంతం పట్టి అలా పద్యాలు రాసేవారు. ఈవిడ ఏ పంతమూ లేకుండా కాపురం చేస్తోంది.

కాగితం ముందు పెట్టి అడిగితే ఏడ్చేసింది. పెదవికి పెదవి తగిలితే చాలు, చెంపలో కరెంటు కొట్టినట్టు నొప్పి. పళ్లు పోయినా నొప్పి పోలేదంటే నటిస్తోందనుకుంటాడని దాచిందట. తల, మెడ కలిసేచోట ఎముక పుట్టుకతోనే సరిగ్గా కుదరలేదని, మొహం నరం అక్కడ ఒత్తుకుపోతోందని స్కాన్ చూసిన డాక్టరు చెప్పాడు. పాపం, ఆ పళ్లు అన్యాయంగా పోయాయి. ఆపరేషన్ చేస్తే తగ్గవచ్చు, తగ్గకపోనూవచ్చు.

ఆ ఉదయం ఆపరేషన్ గది ముందు స్ట్రెచర్ ఆగింది. ఆ ఒక్క పిలుపు కోసం ఆయన ఎంత మొహంవాచి ఉన్నాడో ఆవిడకు తెలుసు. పెదవులు దగ్గరికి తెచ్చింది. చెంప అదిరింది.

"వద్దు," అన్నాడు ఆయన. "ఇదిగో అనే పిలు. నాకు బావా అనే వినపడుతుందిలే."

ఆవిడ పిలిచింది. ఆయన పలికాడు.