నాలుగు గంటల వెండర్

ఊళ్లో ఏ లిఫ్టు మధ్యలో ఆగినా ముందు తెలిసేది ఆవిడకే. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదుల బల్ల ఆవిడది. మెయిల్ రాగానే ఏ మెకానిక్ దగ్గర్లో ఉన్నాడో చూసి పంపాలి, బాగయ్యాక జవాబు రాయాలి. పెళ్లి సంబంధాలు కుదరని రోజుల్లో కుదరలేదు. కుదిరే రోజులొచ్చేసరికి ఆవిడకు తీరిక కుదరలేదు. మెకానిక్కులందరూ లిఫ్టక్క అని పిలిచేవారు, ఆవిడకన్నా పెద్దవాళ్లు కూడా.

మెయిల్ గంట మోగితే చాలు, కుడిచేతిలో ముద్ద ఉన్నా ఎడంచేత్తో తెరిచి చూసేది లిఫ్టక్క. ఎవరేమడిగినా "సరేనండీ" అనేది. కాదన్న మాట ఆవిడ నోట విన్నవాళ్లు లేరు. కంపెనీలో అందరికీ కనిపించే క్యాలెండర్ పెట్టాక ఈ మంచితనమే ఆవిడ కొంప ముంచింది. అందులో ఎవరికి ఏ గంట ఖాళీయో ఎవరైనా చూడొచ్చు, చూసి మీటింగ్ పెట్టెయ్యొచ్చు. లిఫ్టక్క గళ్లన్నీ తెల్లగా ఉండేవి. ఖాళీ గోడ కనిపిస్తే పోస్టరు అంటించినట్టు, వచ్చినవాళ్లు వచ్చినట్టు తలో మీటింగూ అంటించేవారు.

ఆ ఏడాదే నాన్న జారిపడ్డాడు. సర్వీసంతా సిటీ బస్సు నడిపి బండి మీద గీత పడనివ్వని మనిషి, ఇంట్లో స్నానాల గదిలో తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. నడక మళ్లీ నేర్పించాలన్నారు డాక్టర్లు. ఫిజియోథెరపీ సెంటర్ ఆఫీసు వెనక వీధిలోనే ఉంది. ఇంట్లో సాయానికి పెట్టుకున్నావిడ రోజూ సాయంత్రం నాలుగింటికి ఆయన్ని అక్కడికి తీసుకొచ్చేది. ఆ గంటసేపు వెళ్లి రావచ్చా అని లిఫ్టక్క మేనేజర్‌ని అడిగితే, ఆయన కంప్యూటర్‌లోంచి తలెత్తకుండానే "పని ఆగకుండా చూసుకోండమ్మా" అన్నాడు.

వెళ్లమని చెప్పాడు సరే, వెళ్లనిచ్చేదెవరు? సరిగ్గా నాలుగింటికే ఎవరో ఒకరు మీటింగ్ పెట్టేవారు. ఆవిడ సరేననేది. ఒకరోజు మీటింగ్ ముగించి, మధ్యాహ్నం తినని డబ్బా అప్పుడు తెరిచేసరికి సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది.

"మీ నాన్నగారు కుర్చీలోంచి లేవనంటున్నారండీ. మా అమ్మాయి వచ్చాక లేస్తానంటారు. నిన్న కూడా గంటసేపూ తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు."

ఫోన్ పెట్టేసి లిఫ్టక్క టిఫిన్ డబ్బా మూత పెట్టేసింది. పక్క బల్ల మీద కంపెనీ లెక్కలు చూసే ఆవిడ అది గమనించింది. ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. ఒక ఈడువాళ్లు కావడంతో ఎప్పటినుంచో ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు.

"ఏమైంది వదినా?"

అడగ్గానే కళ్లనీళ్లు ఆగలేదు. అంతా విన్నాక వదిన కుర్చీ లాక్కుని దగ్గరికి జరిగింది.

"ముందా గంట నోరు నొక్కు. ఈ మెయిళ్లలో నిజంగా ప్రాణం మీదికొచ్చేవేవి?"

"లోపల మనిషి ఇరుక్కుపోయినవి."

"రోజూ వస్తాయా?"

"రోజూ ఎందుకొస్తాయి? ఎప్పుడో ఒకటి."

"మరి మిగతావో?"

"తలుపు కిర్రుమంటోందని, లైటు వెలగట్లేదని, అద్దం మీద ఎవరో మేకుతో గీశారని..."

"అద్దం మీద గీతకి నువ్వు అన్నం మానేస్తున్నావా!"

వదిన కూర్చుని ఒక రూల్ పెట్టించింది. 'ఇరుక్కు' అన్న మాట ఉన్న మెయిల్ వేరే ఫోల్డర్‌లోకి వెళ్తుంది, గట్టిగా మోగుతుంది, డ్యూటీ సూపర్‌వైజర్ ఫోన్‌కి కూడా పోతుంది. మిగతావన్నీ చప్పుడు చెయ్యకుండా వచ్చి పడి ఉంటాయి. పొద్దున రాగానే ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి తెరిస్తే చాలు.

"తెరిచాక చూసి ఊరుకోకు. రెండు ముక్కల్లో తేలేదైతే అక్కడే తేల్చెయ్. లేదూ, ఎప్పుడు చూస్తావో ఆ రోజు మీద వేసుకో. ఇన్‌బాక్స్ ఉత్తరాల డబ్బా వదినా, బీరువా కాదు. అన్నీ అందులోనే దాచుకుంటే ఎలా?"

"నేను చూడకపోతే ఎవరికైనా ఏమన్నా అయితే?"

"నువ్వు రాత్రి నిద్రపోవూ? అప్పుడెవరు చూస్తున్నారు?"

తర్వాత వదిన క్యాలెండర్ తెరిచింది. నాలుగు నుంచి ఐదు వరకు గడిని నింపి, రోజూ అదే మళ్లీ మళ్లీ పడేట్టు పెట్టింది. "పేరేం పెడతావు?"

లిఫ్టక్క 'నాన్న' అని కొట్టింది. తెర మీద ఆ మాట చూసుకునేసరికి ఎందుకో సిగ్గేసింది. ఇంటి సంగతి అందరి కళ్లముందూ ఆరేసినట్టనిపించింది. చెరిపేసి, సరుకులమ్మేవాళ్లతో మాట్లాడుతున్నట్టు 'వెండర్ మీటింగ్' అని రాసింది. వదిన చూసి నవ్వింది.

మర్నాడు నాలుగింటికి ఆవిడ సెంటర్‌కి వెళ్లేసరికి నాన్న రెండు ఇనప కడ్డీల మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కూతుర్ని చూసి మొహం అటు తిప్పుకున్నాడు.

"ఇప్పటికి తీరిందా?"

"తీరింది నాన్నా. ఇంక రోజూ వస్తా. లే."

"కండక్టర్ చెప్పకుండా బండెలా కదుల్తుందే?"

చుట్టూ నలుగురున్నారు. లిఫ్టక్క గొంతు సవరించుకుని, "రైట్ రైట్!" అంది. నాన్న కడ్డీలు పట్టుకుని లేచాడు. ఒక అడుగు వేశాడు, ఆగాడు, ఇంకొకటి వేశాడు. ఆయన మొహంలో పడతానేమోనన్న భయం కనిపించింది, అలాంటిది లిఫ్టక్క పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూడలేదు. ఆయన చేతి పక్కనే చెయ్యి పెట్టి, ముట్టుకోకుండా, పక్కపక్కనే నడిచింది.

ఆ రోజునుంచి రోజూ వెళ్లింది. ఒకసారి వెళ్లొచ్చేసరికి కొత్త ఫోల్డర్‌లో మెయిల్ ఉంది. ఎవరో ముసలావిడ లిఫ్టులో ఇరుక్కుపోయింది. హడావిడిగా తెరిస్తే, దాని కిందే సూపర్‌వైజర్ జవాబు కూడా ఉంది. మనిషిని పంపించాడు, ఆవిడ క్షేమంగా బయటికొచ్చేసింది. లిఫ్టక్క ఊపిరి పీల్చుకుంది. ఆ వెనకే మనసు కాస్త చివుక్కుమంది కూడా. తను లేకపోయినా పని జరిగిపోయింది మరి. ఆ మాట వదినతో అంటే, "హమ్మయ్య అనుకోవాలి గానీ అలుగుతారటే!" అని మెత్తగా ఒక మొట్టికాయ వేసింది.

ఇలా సాగుతుండగా ఒకరోజు మేనేజర్ బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఎవరమ్మా ఈ వెండర్? రోజూ గంటసేపు మాట్లాడుతున్నారంటే పెద్ద పార్టీయే అయ్యుండాలి. స్పేర్ పార్టుల వాళ్లా? పదండి, ఇవాళ నేనూ వస్తా. రేటు నేను తగ్గిస్తాను."

లిఫ్టక్క వదిన వైపు చూస్తే వదిన లెక్కల్లో తల దూర్చేసింది. ఏం చెయ్యాలో తోచక ముందు నడిచింది, ఆయన వెంట నడిచాడు. వెనక వీధి మలుపు తిరిగాక ఆగి ఆయన వైపు తిరిగింది.

"సార్, వెండర్ లేడు. మా నాన్న నడక నేర్చుకుంటున్నాడు. మిమ్మల్నడిగాను గానీ, మీరు పనిలో ఉన్నారు. నాన్న అని రాస్తే పనికన్నా ఇల్లే ఎక్కువైందనుకుంటారని..."

"అడిగారు కదూ," అన్నాడు మేనేజర్. "నేనే సరిగ్గా వినలేదు. సరే పదండి, ఇంతదూరం వచ్చాక చూడకుండా పోతే ఏం బాగుంటుంది?"

నాన్న అప్పటికి కడ్డీలు వదిలి వాకర్ మీదికొచ్చాడు. మా మేనేజర్‌గారని కూతురు చెబితే కొత్తమనిషిని ఎగాదిగా చూశాడు.

"మీరేనా, మా అమ్మాయికి నాలుగింటికి మీటింగులు పెట్టేది?"

"నేనొక్కణ్నే కాదు పెద్దాయనా. కానీ అందులో నేనూ ఉన్నాను. ఇకమీదట పెట్టనులెండి." మేనేజర్ నవ్వాడు. "అయితే మీ అమ్మాయిగారు మిమ్మల్ని వెండర్ అని రాసుకున్నారు, తెలుసా?"

"వెండరా? నేనేం అమ్ముతున్నానే నీకు?"

"మొండితనం," అన్నాడు పక్కనున్న ఫిజియోథెరపిస్టు. "హోల్‌సేల్‌గా."

అందరికన్నా గట్టిగా నాన్నే నవ్వాడు. ఆ నవ్వులో వాకర్ ఊగితే లిఫ్టక్క గబుక్కున పట్టుకుంది. తిరిగొచ్చాక మేనేజర్ ఆవిడ బల్ల దగ్గరే నిలబడి, "నాన్న అనే రాయండమ్మా, దాన్లో తప్పేముంది?" అన్నాడు. ఆవిడ పేరు మార్చింది. ఆఫీసులో ఎవరూ ఏమీ అనుకోలేదు. స్టోర్ చూసే ఆయన మాత్రం దారిలో ఆపి, "నాన్నగారికెలా ఉంది?" అని అడిగాడు.

చలికాలం దాటేసరికి నాన్న చేతికర్రతో వీధి చివరిదాకా వెళ్లి రాగలిగాడు. ఇంక రానక్కర్లేదన్నారు సెంటర్‌లో. లిఫ్టక్క క్యాలెండర్ తెరిచి ఆ గడిని తీసేసింది. మళ్లీ మళ్లీ పడేది కాబట్టి, ఈ ఒక్కరోజుదేనా, అన్నీనా అని అడిగింది అది. 'అన్నీ' అని నొక్కింది.

గడి తెల్లబడిందో లేదో, కొనుగోళ్లవాళ్లు మర్నాడు నాలుగింటికి మీటింగ్ పెట్టేశారు. ఆ టైముకి తేల్చాల్సిన రెండు ఫిర్యాదులున్నాయి ఆవిడకు. అలవాటుగా 'సరే' మీదికి పోయిన వేలు అక్కడే ఆగింది. పక్కన 'కుదరదు' ఉంది, ఇంకో సమయం చెప్పే చోటు కూడా ఉంది. ఎల్లుండి పదకొండు గంటలు అని రాసి, కళ్లు మూసుకుని నొక్కింది. కాసేపటికి జవాబొచ్చింది: 'అలాగే.'

సాయంత్రం ఇంటికెళ్లి ఆ ముచ్చట నాన్నకు చెప్పింది. ఆయన మంచం మీద కాళ్లు చాపుకుని శ్రద్ధగా విన్నాడు.

"కుదరదన్నావా?"

"అన్నాను."

"కోప్పడ్డారా?"

"లేదు నాన్నా. అలాగే అన్నారు. అంతే."

"అంతేనా!" అన్నాడు నాన్న ఆశ్చర్యంగా. "ఆ ఒక్క మాటకి ఇన్నేళ్లు పట్టిందేమే, పిచ్చితల్లీ?" అంటూ కూతురి తల మీద చెయ్యి వేశాడు. లిఫ్టక్క ఆ చేతి కిందనుంచి చాలాసేపు లేవలేదు.