ఎర్రన్న కంబళికి పల్లేరుకాయలు

ఎర్రన్న కంబళి కప్పుకోడు, ఈడుస్తాడు. గొర్రెల వెనక పోయినా, చేనికి పోయినా ఒక కొస భుజాన ఉంటుంది, రెండో కొస బాటంతా ఊడ్చుకుంటూ వస్తుంది. పులివెందుల పక్క బీళ్లలో పల్లేరుకు కొదవా? పసుపుపచ్చ పూలు ముద్దుగానే ఉంటాయి. కాయ మాత్రం ఎట్లా పడినా ఒక ముల్లు పైకే. ఆ కాయలన్నీ కంబళితో పాటు ఇల్లు చేరతాయి.

"ఎందుకు మామా ఈడుస్తావు?" అని కోడలు నాగలక్ష్మి అడగని రోజు లేదు.

"దానికీ కాళ్లు సాపుకోవాలని ఉండదా మ్మే?"

బస్సులో ఆయన పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. ప్రొద్దుటూరు బంగారం అంగట్లో ఆయన లేచిన చోట కూర్చుని సేటు కెవ్వుమన్నాడు.

"పెద్దాయనా, ఇది అంగడా, పల్లేరు బీడా?"

"నీ పరుపు మెత్తగుంటే పండుకునిందిలే సేటూ, దాని తప్పేముండాది?"

పక్కనే ఉన్న నాగలక్ష్మికి తల తీసేసినట్టయింది.

శ్రావణ శనివారం గండి గుడికి వట్టికాళ్లతో నడుస్తానని మొక్కుకొని జమ్మలమడుగు నుంచి ఆమె తల్లి సుశీలమ్మ దిగింది. ఆమెకు షుగరు. పోయినేడు చిన్న ముల్లు గుచ్చుకుంటే కాలివేలు పోయినంత పనైంది.

"చెప్పులేసుకోమ్మా, కాలు పోతాది!"

"స్వామి దగ్గరికి చెప్పులతోనా? మొక్కు మొక్కే."

నాగలక్ష్మి ఎంత చెప్పినా తల్లి వినలేదు. తల్లి ముందు పరువన్నా దక్కనీ అని కంబళిని పెట్టెలో దాచి, తల్లి తెచ్చిన కొత్త పంచె మామకు కట్టించింది.

"నా కంబళి యాడమ్మే?"

"ఉతికేసినా మామా."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని ముందు నడిచాడు.

ఊరు దాటి బండిబాట ఎక్కగానే జనం ఒకటే నవ్వు. నాగలక్ష్మి తలెత్తి చూసింది. ముందు మామ. నడుముకు తువ్వాలు, వెనక మట్టిలో ఈడుస్తూ కొత్త పంచె! సిగ్గుతో తల దించుకుంది. అప్పుడు కనపడింది బాట. పంచె పోయిన మేర ఒక్క కాయ లేదు. కాయలన్నీ పంచెలోనే ఉన్నాయి. ఆ జాడలోనే తల్లి పాదాలు నిమ్మళంగా పడుతున్నాయి.

"ఈ బాటలో ఏటా ముల్లుండదు. అంతా స్వామి మహిమ!" అంది ఊరి ముసలమ్మ ఒకామె.

"అవునవ్వా, స్వామి మహిమే," అన్నాడు ఎర్రన్న.

నాగలక్ష్మికి నవ్వూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి. మామ మీద తనకింత ప్రేమ ఉందని ఆమెకే తెలియదు. గబగబా ముందుకు పోయి పంచె ఇంకో కొస పట్టుకుంది.

"జనం నవ్వుతారు మ్మే."

"నవ్వనీ మామా. బాట వెడల్పు చేద్దాం. మా యమ్మ మాటల్లో పడితే నేరుగా నడవదు."

వెనక సుశీలమ్మ అప్పుడే ముసలమ్మతో కబుర్లు మొదలుపెట్టి బాట అంచుకు జరుగుతోంది.