బంటు వలసలకు నేను వేసిన మార్కులు

అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు లేస్తున్న ఏడాది, జూన్‌లో, ఒక సివిల్స్ కోచింగ్ సెంటర్లో ప్రపంచ చరిత్ర చెప్పడానికి చేరాను. పిల్లలూ, అమ్మమ్మ ఏం పాఠాలు చెప్పేదని ఫోన్లో అడిగారు కదా. ఇది గొప్పగా చెప్పుకునేది కాదు. అయినా చెప్తాను.

కోచింగ్‌లో పేపర్లు దిద్దడానికి ‘కీ’ ఉంటుంది, అంటే జవాబులో రావలసిన పాయింట్ల జాబితా. పాయింట్ కనిపిస్తే టిక్కు, లేకపోతే సున్నా. ఆ కీ రాసేది నేనే. నెలాఖరు పరీక్షలో ముందున్నవాళ్లకు ఫీజు లేని బ్యాచ్‌లో చోటు దొరికేది. మిగతావాళ్లలో చాలామంది ఊళ్లకు వెళ్లిపోయేవాళ్లు.

ఆ నెల ప్రశ్న, బంటు వలసలకు కారణాలు, ఫలితాలు. బంటు భాషలు మాట్లాడే జనం పడమటి ఆఫ్రికా నుంచి తూర్పుకీ దక్షిణానికీ వేల ఏళ్ల పాటు విస్తరించారు. నా కీలో మొదటి కారణం ఇనుప ఆయుధాలు. మొదటి ఫలితం, అడవుల్లో వేటాడి బతికేవాళ్లను జయించి తరిమేయడం. డిగ్రీ కాలేజీ రోజుల నాటి నా నోట్సులోంచి దించాను.

మధురానగర్ హాస్టల్లో ఉండే స్వరూప, పాలమూరు అమ్మాయి, వేరేగా రాసింది. సున్నా వేసి, క్లాసులో ఆ పేపరు చదివాను.

“ఏంటమ్మా, బంటులు మీ ఊరి మీదుగా వెళ్లారా? దగ్గరుండి చూసినట్టు రాశావు.”

అందరూ నవ్వారు.

“గట్ల కాదు మేడం. బయల్దేరినప్పుడు వాళ్ల తాన ఇనుము లేకుండె, నడుమ నేర్చుకున్నరు. చేను సరిపోక జర ముంగటికి పోయిండ్రు, వాళ్ల పిల్లలు ఇంకింత ముంగటికి. అక్కడోళ్లతోని పెండ్లిళ్లు సుత చేసుకున్నరు. అంతా దండెత్తుడు కాదు. పుస్తకంల ఉన్నది.”

“అయితే ఆ పుస్తకాన్నే పరీక్ష పెట్టమను.”

మళ్లీ నవ్వారు. సాయంత్రం తను ఆ పుస్తకం, పేజీలో చీటీ పెట్టి, నా బల్ల మీద ఉంచి వెళ్లింది.

ఆదివారం పంజాగుట్టలో మా ఇంట్లో కూర్చుని చదివాను. స్వరూప రాసిందే సరి. సోమవారం జాబితా అంటించారు. రెండు మార్కుల తేడాతో స్వరూపకు చోటు పోయింది. కీ తప్పని ఫ్యాకల్టీ ఒక్క కాగితం రాసిస్తే పేపర్లన్నీ మళ్లీ దిద్దేవాళ్లు. నన్ను ఎవరూ ఆపలేదు. నేనే రాయలేదు. అంతమంది ముందు ఎగతాళి చేసి, తప్పు నాదని ఎలా ఒప్పుకోవాలో తెలియలేదు.

మర్నాడు స్వరూప స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది.

“చదివిండ్రా మేడం?”

“ఇంకా లేదమ్మా.”

“ఫికర్ లేదు మేడం. లైబ్రరీది. ఊరికి పోతున్న, ఇచ్చి పోవాలె.”

చీటీ తీసేసి పుస్తకం ఇచ్చాను.

తర్వాతి బ్యాచ్‌కి తను రాసినట్టే పాయింట్లు చెప్పి రాయించాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పలేదు. అడ్మిషన్ ఫారంలో తన నంబరు ఉంది, ఫోన్ చేయలేదు. దిద్దే పనిలో ఉన్నవాళ్లు కీలో లేని జవాబు వస్తే ముందు కీని సరిచూసుకోవాలి. తప్పు తేలితే ఆ రోజే రాసివ్వాలి. మొదటిది నేను ఆలస్యంగానైనా చేశాను. రెండోది చేయలేదు.