ఐదు నుంచి ఆరు దాకా మా వీధి మాదే

మా చిన్నప్పుడు... గోనెసంచి మీద కూర్చుని సైనైడ్ దిబ్బ పైనుంచి కిందికి జారేవాళ్లం. కె.జి.ఎఫ్.లో పుట్టినవాళ్లకు ఆ దిబ్బల గురించి చెప్పక్కర్లేదు. గనుల్లోంచి తీసిన రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం తీసుకుని, మిగిలిన మట్టిని కొండల్లా పోశారు. అక్కడికి పోవద్దని ఇంట్లో రోజూ తిట్లే... అయినా పోయేవాళ్లం.

ఒకరోజు వాన వెలిసిన సాయంత్రం. దిబ్బ అంచు విరిగి, పక్కింటి దర్జీ కూతురు సెల్వి మీద పడింది. ఛాతీ దాకా కూరుకుపోయింది. నలుగురం గోళ్లు చీరుకుపోయేలా తవ్వి, చేతులు పట్టి బయటికి లాగాం. కళ్ల నిండా మట్టి... పాపం, ఏడవడానికి కూడా దానికి ఊపిరి చాల్లేదు.

మా అమ్మ దాన్ని నీళ్ల తొట్టి దగ్గర కూర్చోబెట్టి, చెంబుతో కళ్లు కడుగుతూనే ఉంది.

"వద్దంటే ఆ దిబ్బ కాడికి ఎందుకు పోతారే?" అంది.

"వీధిలో లారీలు గుద్దేస్తాయి గదా అత్తా... ఇంగ యాడ ఆడుకోవాల?" అంది సెల్వి, కళ్లు మూసుకునే.

అమ్మ మరో చెంబు నీళ్లు ముంచింది. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

మాది ధాన్యం అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. వీధి పొడవునా అంగళ్లే కాబట్టి పొద్దస్తమానం లారీలు, ఆటోలు. మా అమ్మ ఎంత నెమ్మదస్తురాలంటే, నాన్న అంగట్లో ఉంటే గడప దాటి ముందుకు వచ్చేదే కాదు.

అలాంటిది... మర్నాడు సాయంత్రం ఐదింటికి పెరట్లోని చేంతాడు భుజాన వేసుకుని అంగడి మధ్యలోంచి నడిచి వీధిలోకి వచ్చింది! తాడు ఒక కొస మా అంగడి స్తంభానికి, రెండో కొస ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి కట్టింది. వీధి ఆ చివర సెల్వి వాళ్లమ్మ పాత చీర అడ్డంగా కట్టింది. ఇద్దరూ ముందే అనుకున్నారని మాకేం తెలుసు!

"ఆడుకోండి. ఆరు దాకా మీదే" అంది అమ్మ, తాడు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటూ.

మేం కదల్లేదు. నడివీధిలో నిలబడి చూస్తున్నాం. మా వీధి ఇంత వెడల్పా! ఎవరో చప్పట్లు కొడితే, ఆ చప్పుడు గోడలకు తగిలి మళ్లీ మాకే వినిపించింది...

కుంటాట మొదలైందో లేదో, లారీ వచ్చింది. చూస్తే మా అంగడికే, రాగుల లోడు.

"ఏమక్కా ఇది? తాడు తియ్యి. మీ సరుకే తెచ్చినాను" అన్నాడు డ్రైవరు.

"ఆరుకి దించుదువులే అప్పా. పిల్లోళ్లు ఆడుకుంటా ఉండారు."

"ఇది రోడ్డు అక్కా, ఆటస్థలం కాదు!"

"ఆటస్థలం యాడ ఉండాదో నువ్వే చూపించు. ఇప్పుడే తాడు విప్పేస్తా."

అతను నిజంగానే అటూ ఇటూ చూశాడు. చూపించడానికి ఏమీ లేదు.

అంతలో నాన్న బయటికి వచ్చాడు. సరుకు పది నిమిషాలు ఆలస్యమైతే వీధంతా వినపడేలా అరిచే మనిషి ఆయన. అమ్మ పీట మీంచి లేవలేదు.

నాన్న తాడు వైపు చూశాడు. ఇంకా ఎర్రగా ఉన్న సెల్వి కళ్ల వైపు చూశాడు. పైపంచె తీసి నెత్తికి చుట్టుకుని, తాడు దాటి లారీ దగ్గరికి వెళ్లి వీపు వంచాడు.

"లారీ ఆడ్నే ఉండనీప్పా. మూటలు మోసుకుంటాం... ఎత్తు" అన్నాడు.

నాన్న మూట మొయ్యడం నేనెప్పుడూ చూడలేదు. రాగుల మూట కింద ఆయన మెడనరాలు ఉబ్బి, ఒక్కో అడుగూ మా కుంటాట గీతలు తొక్కకుండా వెతుక్కుంటూ... నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. రెండో మూటకు డ్రైవరు కూడా భుజం ఇచ్చాడు.

అప్పట్నుంచి రోజూ ఆ గంట మాదే. సణిగేవాళ్లు సణిగారు, హారన్లు కొట్టేవాళ్లు కొట్టారు. నెల తిరిగేసరికి లారీలే ఆ గంటకు రావడం మానుకున్నాయి. బట్టలంగడి ఆయన గొణుగుతూనే గడియారం బయట తగిలించాడు, మాకు టైం తెలియాలని.

ఒక ఆదివారం అమ్మ నా చేతిలోంచి అద్దె సైకిల్ తీసుకుంది. కొంగు బొడ్లో దోపి ఎక్కి కూర్చుంది. వీధి ఆ కొస దాకా పోయి, ఒక్క కాలూ నేల మోపకుండా తిరిగి వచ్చింది! పెళ్లికి ముందు పుట్టింటి ఊరు కామసముద్రంలో నేర్చుకుందట. ఆ మాట నాకే కాదు, నాన్నకూ అప్పుడే తెలిసింది. ఆమె ముఖంలో ఆ నవ్వు... దేవుడి ఉత్సవం చూసినా నా ఒళ్లు అలా పులకరించలేదు.

మొన్న బెంగళూరు నుంచి మా ఊరి మీదుగా పోయే మారికుప్పం రైల్లో మా పాపను తీసుకెళ్లి మా వీధి చూపించాను. రెండు పక్కలా కార్లు, మధ్యలో బైకులు... పిల్లలంతా మెట్ల మీద ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. "నువ్వు ఇక్కడ ఆడుకున్నావా? ఎక్కడమ్మా?" అంది పాప, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

చెయ్యి వదలమని దానికి చెప్పలేకపోయాను... వదిలి పరిగెత్తే వీధులు మీకూ ఉండే ఉంటాయి. ఎక్కడ? ఎవరి పుణ్యాన? రాసి పంపండి... మా పాపకు చదివి వినిపిస్తాను.