గంజి దిగని గుడ్డ

మొన్న మధ్యాహ్నం బొంతకు చివరి ముడి వేసి, దారం కొరికి, కిటికీలోంచి పడే ఎండలో దాన్ని పరిచి అలాగే దాని మీద ఒరిగాను. అది నిద్రా కాదు, మెలకువా కాదు. నాలుగు నెలల పని ముగిసిందన్న సంతోషం రావలసిన చోటికి మా మేనత్త వచ్చి కూర్చుంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నా కోపం మాత్రం అలాగే ఉంది. నేను దేన్నీ మరిచిపోయే మనిషిని కాను.

డెబ్భైల చివరి మాట. తిరుత్తణిలో మాది నేతవాళ్ళ ఇల్లు. తినడం, చదవడం, పగటి కలలు కనడం అన్నీ మగ్గం చప్పుడులోనే. అది ఆగితే నిద్రలోంచి ఉలిక్కిపడినట్టుండేది. పురిటికి వచ్చిన మా అక్క ఐదో నెలలో బిడ్డతో తిరువళ్ళూరులోని అత్తగారింటికి పోవాలి, ఆలోగా బొంత కావాలి. అవ్వవీ అమ్మవీ ఉతికి ఉతికి మెత్తబడిన చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒక అంచు నుంచి వరసలుగా కుట్టుకుంటూ వచ్చేవాళ్ళు. నాకప్పుడు పదమూడేళ్ళు. ఆ వేసవిలోనే నాన్న నన్ను మొదటిసారి మగ్గం మీద కూర్చోబెట్టాడు. మూరెడు ఎర్రగుడ్డ నేశాను. బిడ్డ ఆ గుడ్డ మీద పడుకోవాలి, నాకు ఇంకేమీ వద్దు. పెద్దవాళ్ళు కునుకు తీస్తుంటే బొంత నడుమ నేనే దాన్ని కుట్టేశాను.

మేనత్త లేచి చూసి, కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

"అత్తా, అది నేను నేసినాను!"

"నేస్తే? మగ్గం దిగినంత మాత్రాన గుడ్డ అయిపోతాదా మే? గంజి గూడా దిగలా. పదేండ్లు కట్టి ఉతికితే గదా గుడ్డయ్యేది."

పక్కింటావిడ ఊరుకుందా? "పోనీలేక్కా, దాని మీద పండుకుంటే బిడ్డ నిద్ర పోదు, లేసి మగ్గమెక్కుతాది!" అంది. అందరూ నవ్వారు. మా అక్క కూడా నవ్వింది. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మర్నాడు వాళ్ళంతా వంటింట్లో ఉండగా, ఇంకా కుట్టు పడని వైపు పై పొర ఎత్తి, ఆ ముక్కను లోపల పరిచి, కదలకుండా నాలుగు మూలలా పట్టుకుట్లు వేశాను. ఎవరికీ తెలియకుండానే దాని మీదుగా వరసలు పడ్డాయి. బిడ్డతో బొంతా తిరువళ్ళూరు వెళ్ళింది.

నెల తరువాత బిడ్డను చూడడానికి అత్తతో నేనూ రైలెక్కాను. అక్క అత్తగారు మంచినీళ్ళకంటే ముందు బొంత తెచ్చి మా ముందు పరిచింది. మొదటి ఉతుకుకే లోపలి కొత్తగుడ్డ ముడుచుకుని బొంతంతా ఒక పక్కకు గుంజుకుపోయింది, తెల్ల చీర మీదికి ఎరుపు దిగింది.

"నేసేవాళ్ళింటి బొంత ఇట్లానా ఉండేది?"

అక్క తల వంచుకుంది. అత్త నా వైపు ఒక్కసారి చూసింది.

"నాదే తప్పు వదినా. కండ్లు సరిగా ఆనలా, కొత్తగుడ్డ కలిసిపోయింది," అంది.

ఆ ఇంటి తిన్నె మీదే కూర్చుని కుట్లు విప్పింది. మార్చుకోవడానికని తెచ్చుకున్న తన చీరను చించి, ఎరుపు దిగిన చోట వేసి, సాయంత్రం రైలు వేళకు బొంత సరిచేసింది. తిరుగు ప్రయాణంలో తిట్టి ఉంటే నా కోపం ఆ రైల్లోనే తీరిపోయేది. తిట్టలేదు, నా ముక్క తిరిగి ఇవ్వనూ లేదు. అది ఏమైందో ఇప్పటికీ తెలియదు.

మనవరాలికని కుట్టిన ఈ బొంతలో పదేళ్ళు కట్టని చీర ఒక్కటి లేదు. గుడ్డ విషయంలో అత్తదే న్యాయమని ఒప్పుకుంటాను. నలుగురిలో విప్పడం మాత్రం న్యాయం కాదు, ఆ మాట మీదే ఉంటాను.

మొన్న సాయంత్రం ఇంట్లోవాళ్ళు వచ్చి, సూపర్ అని, ఫోటో తీసుకుని ఎవరి గదుల్లోకి వాళ్ళు పోయారు. నడుమ రెండు వరసలు వంకర పోయాయి. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. మన ఈడువాళ్ళకు ఒకప్పుడు ఇంటినిండా తప్పు పట్టేవాళ్ళే. వాళ్ళ మీద అలిగి అలిగే పెరిగాం. ఇప్పుడు అలగాలన్నా ఎవరి మీద అలగను?