ఆల్టో వరుసలో ఇద్దరం

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకి మా ఊరు క్యారీ స్టేషన్‌లో నిలబడి, నేనెక్కడికి వెళ్తున్నానో మా ఆయనకి ఫోన్‌లో మూడోసారి చెప్పాను. వేల్స్ వాళ్ళ పండగకి, పెన్సిల్వేనియాకి. "వేల్స్ పండగ పెన్సిల్వేనియాలో ఏంటి? మధ్యలో నువ్వేంటి?" అన్నాడాయన. రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి నా దగ్గర జవాబుంది. వెనకటి రోజుల్లో బొగ్గు గనుల్లో పనికి వేల్స్ నుంచి వచ్చిన జనం ఆ కొండల్లోనే స్థిరపడిపోయారు. భాష చాలావరకు పోయింది గానీ పాటలూ పండగా మిగిలాయి.

రెండో ప్రశ్నకి జవాబు నా పక్కనే బెంచీ మీద కూర్చుని ఎర్ర ఉన్ని టోపీ సర్దుకుంటోంది. మెగన్ గారు మా పక్క టౌన్‌హౌస్‌లో ఉంటారు. వయసు ఎనభై ఒకటి. రాతలో గారు పెడుతున్నాను గానీ ఎదురుగా మెగన్ అనే పిలవాలి, లేకపోతే కోపం. మా రెండిళ్ళకీ మధ్య గోడ పల్చన. ఆదివారాలు నేను చేసుకునే సంగీత సాధన ఆరేళ్ళుగా ఆవిడకి వినబడుతూనే ఉందట. జనవరిలో ఒకరోజు తలుపు కొట్టి, "మార్చిలో మా ఊళ్ళో పాటల పండగుంది. ఒక్కదాన్నీ రైలెక్కలేను. నువ్వొచ్చి నా పక్కన కూర్చో శైలా, చాలు" అన్నారు. కూర్చోవడమేగా అనుకుని శుక్రవారం, సోమవారం లీవ్ పెట్టేశాను.

రైలు పది దాటాక వచ్చింది. ఫిలడెల్ఫియా దాకా ఒక్కటే బండి, ఎనిమిది గంటల పైచిలుకు ప్రయాణం. నెల ముందు బుక్ చేస్తే టికెట్ వంద డాలర్ల లోపే వస్తుంది. కాళ్ళు చాపుకునే చోటుంది. కాఫీ మాత్రం తాగకండి.

విల్సన్ స్టేషన్ దాటాక మెగన్ గారు అసలు సంగతి బయటపెట్టారు. ఏటా మార్చి మొదట్లో వాళ్ళ సాధువు డేవిడ్ పేరు మీద పండగ. ఆ వారాంతంలో ఊరి చర్చిలో అందరూ కలిసి కీర్తనలు పాడతారు. ఆడవాళ్ళలో పై గొంతు వాళ్ళు సొప్రానో, కింది గొంతు వాళ్ళు ఆల్టో. మగవాళ్ళలో టెనర్, బాస్. ఏ గొంతు వాళ్ళు ఆ వరుసల్లో కూర్చోవాలి, మొగుడూ పెళ్ళాం అని చూడరు. ఒకప్పుడు మూడు వరుసల నిండా ఆల్టోలుండేవారట. పోయినేడు మిగిలింది మెగన్ గారూ, ఆవిడ స్నేహితురాలు నోరీనూ. నోరీన్ నవంబర్‌లో పోయారు.

"కమిటీ చెప్పేసింది. ఈసారి ఆల్టో నిలబడకపోతే వచ్చే ఏడాది నుంచి పాటల్లేవు. టీ తాగి, కేకులు తిని ఇంటికి పోవడమే" అన్నారు. తర్వాత సంచిలోంచి పాటల పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టారు. "మాటలు రాకపోయినా పర్లేదు, లా లా అని పాడు." ఆ మాట అనేసి, చెవి మిషన్లు తీసి డబ్బాలో పెట్టుకుని నిద్రపోయారు. రైలు చప్పుడు ఆవిడకి పడదు.

కూర్చోవడం కాస్తా పాడటం అయింది. భయంభయంగా పుస్తకం తెరిచాను కదా, అందులో గీతలూ చుక్కలూ లేవు, అక్షరాలున్నాయి. డో, రే, మీ. వాళ్ళ డో మన స, వాళ్ళ సో మన ప. చూస్తే అచ్చంగా శంకరాభరణం! నా ప్రాణం లేచొచ్చింది. పాట కింద నాలుగు వరుసల స్వరాలున్నాయి. పదిహేనేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని, తగుదునమ్మా అని పై వరుస అందుకున్నాను. వాషింగ్టన్ వచ్చేలోపు ఆరు పాటలు కంఠతా వచ్చేశాయి. మిగతా మూడు వరుసలు ఎందుకున్నాయో నేను ఆలోచించలేదు.

రిచ్‌మండ్‌లో ఎక్కిన ఒక అమ్మాయి వెనక సీటు మీంచి తొంగి చూసింది. ఎమ్మెస్ చేస్తోందట, వరంగల్ పిల్ల. "ఆంటీ, మీరు తెలుగే కదా? స్వరాలు వింటే గుర్తువట్టిన" అంది. వేల్స్ పండగకని చెప్పాను. "వేల్స్ అంటే ఇంగ్లండ్‌ల ఉంటది కదా ఆంటీ?" సరిగ్గా అప్పుడే మిషన్లు పెట్టుకున్న మెగన్ గారికి అంత తెలుగులోనూ ఇంగ్లండ్ ఒక్కటే వినబడింది. "ఇంగ్లండ్ కాదు!" అని గర్జించారు. ఆ పిల్ల ఠక్కున సారీ చెప్పి, నా చెవిలో "మనందర్నీ మద్రాసీలు అన్నట్టే ఉన్నది ఆంటీ" అంది. ఆ మొత్తం ప్రయాణంలో నాకు వెంటనే బోధపడిన విషయం అదొక్కటే.

సాయంత్రం ఆరున్నరకి ఫిలడెల్ఫియాలో దిగి, బస్టాండ్ దగ్గర మోటెల్లో పడుకున్నాం. భోజనం నేను తెచ్చిన పులిహోర. మెగన్ గారు మిరపకాయలు ఏరి పక్కన పెట్టి రెండోసారి వేయించుకున్నారు. శనివారం ఉదయం ఎనిమిదికి బస్సెక్కితే పదకొండుకి కొండల్లో ఉన్న ఆ చిన్న ఊరు చేరాం. రోడ్డు పక్కన ఇంకా మంచు కుప్పలున్నాయి.

చర్చి పక్క హాల్లో ఎర్ర డ్రాగన్ బొమ్మ జెండాలు కట్టారు. తలుపు దగ్గరే ఒకావిడ నా స్వెటర్‌కి పచ్చ కాడ ఒకటి పిన్నుతో గుచ్చింది. అది లీక్, మన ఉల్లికాడకి పెద్దక్క. పసుప్పచ్చ డాఫొడిల్ పువ్వు పెట్టుకున్నవాళ్ళు సగం, ఈ కూర పెట్టుకున్నవాళ్ళు సగం. పువ్వుండగా కూరెందుకంటే, పూర్వం యుద్ధంలో తమవాళ్ళెవరో గుర్తుపట్టడానికి టోపీల్లో పెట్టుకున్నారని ఒకరు, కాదు ఆ సాధువు తిన్నదే అదని ఒకరు. ఇంత పండగకీ వేల్స్‌లో అసలు సెలవే లేదట! సెలవు లేనిది జాతీయ పండగ ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. పెనం మీద కాల్చిన కిస్‌మిస్ రొట్టెలు మాత్రం అర్థమయ్యాయి. కొందరు పంది కొవ్వు వేస్తారు, శాకాహారులు అడిగి తినండి. నేను ముందే అడిగి, వెన్నతో చేసినవి నాలుగు తిన్నాను.

ఓ మూల టీవీలో రగ్బీ నడుస్తోంది. ఎర్ర జెర్సీ వేసుకున్న పెద్దాయన పక్కన ఖాళీ ఉంటే కూర్చున్నాను. పేరు గ్లిన్. రేపు ముందు నిలబడి పాటలు నడిపిస్తూ చెయ్యి ఊపేదీ, కమిటీకి పెద్దా ఆయనే. ఆటగాళ్ళు బంతిని వెనక్కి విసురుతున్నారు, మనుషులు ముందుకి పరిగెడుతున్నారు. ఇదేం ఆటండీ అంటే, "ముందుకి విసిరితే తప్పు" అన్నాడు. స్కోరెంత అనడిగాను. "మనమే గెలుస్తాం. ఇది పాత మ్యాచ్. ఈ మధ్య ఆడేవి చూడట్లేదు, బీపీ పెరుగుతోంది." అయినా ప్రతి పరుగుకీ లేచి అరుస్తూనే ఉన్నాడు.

ఆదివారం రెండు గంటలకి చర్చిలో అడుగుపెట్టి, ముందు శ్రోతలు కూర్చునే చోటు కోసం వెతికాను. పుస్తకాలు పంచుతున్నావిడని అడిగితే, "శ్రోతలా? పాడేవాళ్ళే కదా అందరూ" అంది. వినేవాళ్ళే లేని కచేరీ! మొత్తం అరవైమంది ఉంటారు. ఆల్టోల వరుసలో మేమిద్దరమే. గ్లిన్ నల్ల సూట్లో పైకెక్కి చెయ్యెత్తాడు.

మొదటి పాట ఎత్తుకోగానే నేను గొంతు విప్పాను. స్వరం తప్పకుండా పోతోంది, నా మీద నాకే ముచ్చటేసింది. కానీ పక్కన మెగన్ గారు ఎక్కడో కింద, పాటతో సంబంధం లేని స్వరంలో పాడుతున్నారు. అయ్యో, పెద్దావిడ, చెవి సరిగ్గా వినబడక శ్రుతి తప్పుతున్నారు అనుకున్నాను. ఆవిడకి ఆసరాగా ఇంకాస్త గట్టిగా, ఆవిడ చెవి దగ్గరకి వంగి పాడాను. అలవాటు కొద్దీ ఒకటి రెండు గమకాలు కూడా పడ్డాయి. ఆవిడ గొంతు వణికింది, నా వైపు లాగింది, మళ్ళీ కిందికి పోబోయి ఆగిపోయింది. గ్లిన్ చెయ్యి దించాడు. పాట తెగిపోయింది.

"ఆల్టోలు ఏమయ్యారు?" అన్నాడు.

మెగన్ గారి ముఖం కందగడ్డలా అయింది. పుస్తకంలో రెండో వరుస మీద వేలు పెట్టి నాకు చూపించారు, అంతే. అప్పుడు తెలిసింది నాకు. నాలుగు గొంతులకీ ఒక్కో వరుస, నాలుగూ ఒకేసారి పాడతారు. ఆవిడ తప్పలేదు, నేనే ఆవిడని తప్పించాను. మన దగ్గర పదిమంది పాడినా పాట ఒక్కటే. పక్కవాళ్ళు వేరే స్వరం పాడితే తప్పు అనే పుట్టి పెరిగాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ అరవై ఏళ్ళుగా నిలబెట్టిన వరుసని నేను రెండు నిమిషాల్లో కూల్చాను. తర్వాతి మూడు పాటలూ నోరు మూసుకుని కూర్చుంటే, ఆవిడ ఒక్కరే పాడారు. మిగతా గొంతుల్లో అది పక్కనున్న నాకే సరిగ్గా వినబడలేదు.

మూడున్నరకి టీ విరామం. మెగన్ గారు కప్పు పట్టుకుని సొప్రానోల దగ్గరికి వెళ్ళిపోయారు. నేను కోట్లు తగిలించే గదిలోకి పోయి, పెన్సిల్‌తో రెండో వరుసంతా తెలుగులో స, రి, గ, మలు రాసుకున్నాను. అందులో పాటే లేదు. ప ప ప మ ప, మళ్ళీ ప. పంచమం దగ్గరే తచ్చాడుతోంది. ఏ రాగమో చెప్పలేను, వింటే ఎవరూ తల ఊపరు. అయినా ఆ గదిలో కోట్ల మధ్య నిలబడి పదిసార్లు పాడాను.

రెండో భాగంలో ఒక చెవిలో వేలు పెట్టుకుని, గమకం అన్నది లేకుండా, కర్రలా పాడాను. ముందు వరుసలోని సొప్రానోలు నన్ను తమ పాటలోకి లాగేస్తూనే ఉన్నారు. రెండుసార్లు జారిపోయాను. మెగన్ గారు మోచేత్తో పొడిచి వెనక్కి తెచ్చారు. చివరి పాటకి ఇద్దరం నిలబడ్డాం. బాగా కుదిరితే ఆఖరి రెండు పాదాలు మళ్ళీ పాడించడం వాళ్ళ ఆనవాయితీ. గ్లిన్ మూడుసార్లు పాడించాడు. మూడోసారి ఆ నాలుగు గొంతుల మధ్య మా పంచమం ఎక్కడుందో నాకు వినబడింది. ఏడుపొచ్చింది.

మెట్లు దిగుతుంటే గ్లిన్ వచ్చి, "వచ్చే ఏడాది ఆల్టోలు ఎంతమంది?" అనడిగాడు. "ఇద్దరం" అన్నారు మెగన్ గారు, నన్ను అడక్కుండానే. ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

సోమవారం తిరుగు రైల్లో, బాల్టిమోర్ దగ్గర, నేను ఉండబట్టలేక చెప్పేశాను. "మెగన్, నా వీసా అక్టోబర్ దాకానే ఉంది. ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్. వచ్చే మార్చికి నేనిక్కడ ఉంటానో లేదో నాకే తెలీదు. మీరు మాటిచ్చేశారు."

ఆవిడ చెవి మిషన్లు తీయబోతూ ఆగారు. "నాకు ఎనభై ఒకటి. వచ్చే మార్చికి నేనుంటానని నీకెవరు చెప్పారు?" అన్నారు. తర్వాత మిషన్లు డబ్బాలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను పుస్తకం తెరిచి, ఈసారి రెండో వరుసతో మొదలుపెట్టాను.

చూసి రాదగిన పండగేనా అంటే, చూడటానికి అక్కడ చోటు లేదు. లీక్ సంగతీ, రగ్బీ సంగతీ నాకింకా అయోమయమే. కానీ క్యారీ నుంచి గానీ, ఇంకెక్కడి నుంచి గానీ మీలో ఎవరైనా వెళ్తే పై వరుస వదిలేసి రెండోది నేర్చుకుని వెళ్ళండి. కుడివైపు మూడో బెంచీలో మేమిద్దరం కనబడకపోతే, ఎవరినీ అడక్కండి, అక్కడ కూర్చుని పాడండి.